అమ్మని దాటిపోయిన రొట్టె పళ్ళెం

నాకు అక్షరాలు వచ్చింది నలభై దాటాక. వచ్చినకాడి నుంచీ ఈ సంగతి రాయాలనే ఉంది. రాస్తే మా క్రైస్తవ సంఘానికి చెడ్డపేరొస్తుందని మావాళ్ళు అడ్డం పడుతూ వచ్చారు. సంఘానికి చెడ్డపేరు నేను తేవడం లేదు. అది ఆ ఏడే వచ్చింది. ఇన్నేళ్ళూ దాన్ని కింద పెట్టుకుని పైన కూచున్నాం, అంతే.

అప్పుడు రెండో ప్రపంచ యుద్ధం జరుగుతోంది. ఎక్కడో జరిగేదానికి మాకేంది అనుకున్నాం గానీ, కట్టుకోను బట్ట దొరకలేదు, దీపంలోకి కిరసనాయిలు దొరకలేదు. దానికి తోడు వాన లేదు. మాచర్ల వైపు నేల ఎట్లాంటిదో తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. అప్పటికి కాలవలు రాలేదు, పైనుంచి పడితేనే పంట. మా మాలపల్లెలో ఒక పూట జొన్న సంకటి, ఒక పూట గంజి. నాన్న ఊళ్ళో కామందు దగ్గర పాలేరు. అమ్మా నేనూ ఆ కామందు చేలకే కూలికి పోయేవాళ్ళం. నాకు పద్నాలుగేళ్ళు. పెద్దోళ్ళతో సమానంగా నా సాలు నేను కలుపు తీసేదాన్ని. కూలి మాత్రం సమానంగా కొలిచేవాళ్ళు కాదు.

ఆ ఎండాకాలంలోనే మా తమ్ముడు పోయాడు. నాలుగేళ్ళవాడు. జ్వరం దిగకపోతే గురజాల తీసుకుపోయి డాక్టరుకి చూపిద్దామని నాన్న బండి అడిగాడు. ఎద్దులు అలిసిపోయి ఉన్నాయి, రేపు చూద్దాంలే అన్నాడు కామందు. ఆ రేపు వచ్చేసరికి బండితో పని లేకుండా పోయింది.

అమ్మ ఏడవలేదు. మాట్లాడనూ లేదు. పొయ్యి వెలిగించమంటే వెలిగించేది, పిలిస్తే చూసేది. నెల పైన అట్లాగే ఉంది. గాలి సోకిందన్నారు కొందరు. ఎదురింటి ముసలామె, నాకు వరసకి అమ్మమ్మ, ఒక ఆదివారం వచ్చి అమ్మని చెయ్యి పట్టుకుని గుడికి లాక్కుపోయింది. గుడంటే మా చర్చే, మట్టిగోడలు, పైన బోదగడ్డి కప్పు. ఆడవాళ్ళం ఒక పక్క, మగవాళ్ళు ఒక పక్క, చాపల మీద. పాట సగంలో ఉండగా అమ్మ నోరు తెరిచింది. గొంతు పెళుసుగా వచ్చింది, శృతిలో లేదు. ఎవరూ నవ్వలేదు. అమ్మమ్మ మాత్రం పాట ఆపి ముక్కు చీదుకుంది.

అప్పటి నుంచి అమ్మకి ఆదివారం కోసమే మిగతా ఆరు రోజులు. అందులోనూ నెల మొదటి ఆదివారం. ఆ రోజు ప్రభువు బల్ల ఉంటుంది, రొట్టె ముక్కా ద్రాక్షరసమూ ఇస్తారు. ఆ ఆదివారం ఇంటికొచ్చిన అమ్మ ముఖం వేరుగా ఉండేది. ఎందుకో నాకు అప్పుడు తెలియదు.

తొలకరి ఆలస్యంగా వచ్చింది. వచ్చాక పత్తిచేలో పైరు కంటే కలుపే ముందు లేచింది. కామందు ఆదివారం కూడా పనిలోకి రావాలన్నాడు. ఆదివారం రానివాళ్ళు సోమవారమూ రావొద్దన్నాడు. పెద్దలు పోయి పాస్టరుగారిని అడిగారు, మీరు ఒక్క మాట చెప్పండయ్యా, పొద్దున ఒక్క జాము వదిలిపెట్టమనండి అని. పాస్టరుగారు పోయి వచ్చాడు. ఓర్చుకోండి, ప్రార్థన చేయండి అన్నాడు. పనిలోకి పొమ్మనలేదు, వద్దనలేదు. గుడి కట్టుకున్న స్థలం కామందు నాన్న ఇచ్చిందే. ఆ సంగతి ఆయనా అనలేదు, మేమూ అనలేదు.

పోయాం. పోకపోతే తినేదేంది?

గుడిలో ఇనపముక్క మీద కొట్టిన గంట చేలోకి వినపడేది. అది వినపడగానే అమ్మ పాట ఎత్తింది. కలుపు తీసేటప్పుడు పాట మామూలే, ఒకరు ఎత్తుతారు, సాలంతా అందుకుంటుంది. పాటుంటే చెయ్యి జోరుగా ఆడుతుంది కాబట్టి గట్టు మీద కాపలా ఉండే కామందు మనిషి ఎప్పుడూ కాదనడు. అందుకని అమ్మ ఒక్కో చరణం ఎత్తుతుంటే ఇరవై మందిమి నడుం వంచి అందుకుంటూ ఆరాధన మొత్తం చేలోనే నడిపాం. ప్రార్థన కూడా అమ్మే చేసింది. తల వంచే ఉంటుంది కాబట్టి వాడికి ఏమీ తెలియలేదు. అమ్మ పెదాలు ఆడటం మాత్రం కనిపెట్టాడు.

"ఏమే, ఎవరితో మాట్లాడుతున్నావు?"

"కలుపుతో. మంచిగా చెబితే వస్తదేమోనని" అంది మా అమ్మమ్మ, తల ఎత్తకుండా.

అట్లా నాలుగు ఆదివారాలు గడిచాయి. గుడిలో పాస్టరుగారి ముందు నలుగురు ముసలోళ్ళూ, ఆయన భార్యా, చంటిపిల్లలూ. సంఘాల మీద పైఅధికారి, మిషను దొర, చూడటానికి రాబోతున్నాడు. జనం ఏరయ్యా అంటే ఏం చెప్పాలి? పోయి కామందు పేరు చెప్పగలడా? మా పేర్లు చెప్పడం తేలిక.

బల్లకి ముందు శనివారం సాయంత్రం సిద్ధపాటు కూడిక పెట్టేవాళ్ళు, తప్పులు ఒప్పుకోవడానికి. ఆ శనివారం పాస్టరుగారు సంఘం పేర్ల పుస్తకం తీసి ఆదివారం పనిలోకి పోయినవాళ్ళ పేర్లు చదివాడు. ఒక్కొక్కరే లేచి తప్పయిందని చెప్పాలన్నాడు. చెప్పనివాళ్ళకి బల్ల లేదన్నాడు. ఒక్కొక్కరే లేచారు. తప్పయింది, తప్పయింది. నేను కూడా లేచి అన్నాను. తప్పని అనిపించి కాదు. అందరూ అంటున్నారని అన్నాను. మా అమ్మమ్మ కూడా అంది, గోడ వంక చూస్తూ.

అమ్మ వంతు వచ్చింది. లేచింది.

"తప్పెవరిదో ముందు తేల్చండి అయ్యగారూ. రమ్మన్నోడిదా, పోయినోళ్ళదా? ఆయన్ని కూడా పిలిచి ఇక్కడ నిలబెట్టండి. ఆయన చెప్పినాక నేను చెబుతా."

"ఆయన మన సంఘంలో లేడమ్మా."

"ఆయన స్థలంలో మనం ఉన్నాం గదా."

పాస్టరుగారు పుస్తకంలో గీత కొట్టాడు. ఒప్పుకునేదాకా బల్లకి దూరం అన్నాడు. ఆ గీత చప్పుడు నాకు వినపడిందంటే నమ్మండి. అప్పటికి ఆ పుస్తకంలో ఏం రాసుందో చదవగలిగినవాళ్ళు మా పల్లెలో ఆయనొక్కడే. ఆ పుస్తకం చూస్తేనే అప్పుడు నాకు ఒళ్ళు మండేది. నలభై దాటాక పలక పట్టడానికి అదే కారణం, మరో గొప్ప కారణం లేదు.

ఇంట్లో నాన్న చానా సేపు తిట్టాడు. ఒక్క మాటంటే నీ సొమ్మేం పోయింది, ఊరంతా అనలేదా, నీకొక్కదానికే పొగరా అన్నాడు. అమ్మ సంకటి కెలుకుతూ విన్నది. చివరికి అంది:

"బల్ల కాడ కూచుంటే నా బిడ్డ పక్కన కూచున్నట్టుంటది. అబద్ధం చెప్పి వాడి పక్కన కూచోమంటావా?"

నాన్న గిన్నె పక్కన పెట్టి బయటికి పోయాడు. నేను మర్నాడు తినబోయే ఆ ముక్క సంగతి ఆలోచిస్తూ పడుకున్నాను. నేను చెప్పిన అబద్ధం అమ్మ చెప్పలేదు. దాని ఫలితం నాకు బల్ల, అమ్మకి గీత.

ఆ రాత్రి వాన కురిసింది. చేలో కాలు దిగబడుతుంది కాబట్టి తెల్లారి పని లేదు. అమ్మ తలంటుకుంది, ఉన్న ఒక్క మంచి చీర, రెండు అతుకులది, కట్టుకుంది. గుడికి పోయి ఎప్పుడూ కూచునే చోటే కూచుంది. ఒక పక్క నేను, ఒక పక్క అమ్మమ్మ. ఎవరూ లెమ్మనలేదు. లెమ్మంటే బాగుండేదని ఇప్పుడు అనిపిస్తుంది. ఏదో ఒకటి ఎదురుగా జరిగేది.

గోధుమపిండి దొరక్క ఆ ఏడు జొన్నరొట్టెనే చిన్న చిన్న ముక్కలు చేశారు. సంఘపెద్ద పళ్ళెం పట్టుకుని వరసలో వచ్చాడు. నేను తీసుకున్నాను. భయానికి వెంటనే నోట్లో వేసుకుని మింగేశాను. ఆయన పళ్ళెం పైకెత్తి, అమ్మ తల మీదుగా దాటించి, అమ్మమ్మ ముందు దించాడు. అమ్మ చేతులు ఒళ్ళో చాపి పెట్టుకునే ఉంది. కుక్కకైనా విసిరేసేవాళ్ళు. విసరను కూడా లేదు, దాటించారు.

అమ్మమ్మ ముక్క తీసుకుంది. చింతగింజంత ఉంటుంది. దాన్ని గోళ్ళతో రెండు చేసి సగం అమ్మ అరచేతిలో పెట్టింది. ముందు నుంచి పాస్టరుగారు అట్లా చేయకూడదమ్మా అన్నాడు.

"నాకు పళ్ళు లేవయ్యా. అంతా నమల్లేను" అంది అమ్మమ్మ.

పక్క వరసలో ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గారు. అమ్మ ఆ సగం ముక్కని తినలేదు. పిడికిలి మూసి పట్టుకుంది. నాకు తల తీసేసినట్టయింది. ఇయ్యడానికి నా దగ్గర సగం కూడా లేదు, మింగేశాను.

తర్వాత గిన్నె వచ్చింది. అందరికీ ఒకటే గిన్నె, ఎండుద్రాక్ష నానబెట్టిన రసం. తాగి సంఘపెద్ద చేతికి తిరిగి ఇయ్యాలి. నేను తాగాను. ఆయన చెయ్యి చాపాడు. నేను ఇయ్యలేదు. ఇటియ్యి అని మెల్లగా అన్నాడు, నా మణికట్టు పట్టుకున్నాడు. గట్టిగానే పట్టుకున్నాడు. నేను అటు తిరిగి రెండో చేత్తో గిన్నె అమ్మ నోటి దగ్గర పెట్టాను. కొంచెం చాప మీద ఒలికింది. అమ్మ నా వంక చూసింది. పిడికిలి విప్పి ముక్క నోట్లో వేసుకుని, తాగింది.

కళ్ళు మూసుకుంది. చానా సేపు తెరవలేదు. తర్వాత చాప మీద కొంచెం జరిగి, నాకూ తనకీ మధ్య చిన్న పిల్లాడు కూచునేంత చోటు చేసింది.

పుస్తకంలో నా పేరు మీద కూడా గీత పడింది. పాస్టరుగారు బదిలీ అయ్యేదాకా మా ఇద్దరి పేర్లూ అట్లాగే ఉన్నాయి. ఆయన్ని నేను క్షమించలేదు. మాకు తప్పు చేసినవాళ్ళని మేం క్షమించినట్టు మమ్మల్ని క్షమించమని ప్రతి ఆదివారం నా నోటితోనే ప్రార్థన చేస్తాను, ఆ మాట వచ్చినచోట నా గొంతు ఇప్పటికీ తగ్గుతుంది. కామందు ఆ పై ఆదివారం మళ్ళీ మనిషిని పంపాడు, మళ్ళీ పోయాం. ఏదీ మారలేదు.

కానీ ఆ రోజు మధ్యాహ్నం, తమ్ముడు పోయాక మొదటిసారి, అమ్మ సంకటి రెండోసారి పెట్టించుకుంది. ఉప్పు ఎక్కువైందని నన్ను తిట్టింది.