నాలుకకు చిక్కని అతుకు

నిన్న సూరత్‌లో, ఆల్థాన్‌లోని నా క్లినిక్‌లో, వరుసలో కూర్చున్న ఒకామె కొంగుకు వేలాడుతున్న పోగును పంటితో పుటుక్కున తెంపింది. ఆ చప్పుడుకు సుజాత మేడమ్ కళ్లముందు నిలిచారు. దంత వైద్య కళాశాలలో, పాడైన పంటిని మళ్లీ నిలబెట్టే విద్య నాకు నేర్పింది ఆవిడే. తెలంగాణ నుంచి వలసొచ్చిన మన నేతవాళ్ల ఆడపడుచు, సూరత్‌లోనే పుట్టిపెరిగారు. పాఠం హిందీలో సాగినా, మనవాళ్లు ఎదురైతే ఇంటి మాటలోకి దిగిపోయేవారు.

మొదటి రోజే కళ్లు మూసుకుని ఎవరి పళ్లు వాళ్లను నాలుకతో తడుముకోమన్నారు. నాకు నవ్వాగలేదు. ఆవిడ నా పక్కకొచ్చి, "నవ్వు నవ్వు. రేపు నీ పనికి మార్కులేసేది గా నాలుకనే" అన్నారు.

కళాశాల ఆసుపత్రిలో నా చేతికొచ్చిన రోగి మల్లేశం మరమగ్గాల మీద, మనవాళ్ల మాటలో సాంచెల మీద, పనిచేసేవాడు. తెగిన దారానికి ముడివేసి, మిగిలిన కొసను ముందు పంటితో కొరికేవాడు. ఏళ్ల తరబడి కొరికి కొరికి అక్కడ గాడిపడి, అంచు విరిగింది. నేను పెట్టిన ఫిల్లింగ్ ఊడింది, మళ్లీ పెడితే మళ్లీ ఊడింది. "పీకెయ్ బిడ్డా, పీడ పోతది" అన్నాడు విసుగ్గా. వేరు గట్టిగానే ఉంది. అయినా ఆ పన్ను ఇక దక్కదనే అనుకున్నాను.

మేడమ్ అతన్ని మందలించలేదు. దారపు ఉండ తెప్పించి చేతిలో పెట్టారు.

"ఎట్ల కొర్కుతవో చూపియ్ అన్నా."

అతను సిగ్గుపడుతూ కొరికాడు. దవడ పక్కకు జరిగింది, కింది పన్ను వచ్చి సరిగ్గా నా అతుకు అంచునే పొడిచింది. ఊరికే పళ్లు కలపమని చూస్తే ఎన్నడూ కనిపించని సంగతి అది.

తర్వాత ఆవిడ పనికి దిగి, అతుకు అంచును కింది పన్ను పొడవని చోటికి జరిపారు. పొరమీద పొర వేసి, నీలి వెలుగులో గట్టిపరిచి, పక్క పంటి మీదున్న సన్నని గోధుమరంగు గీతను కూడా కొత్త భాగంలోకి దించారు. మనిషి చేతితో ఇంత పని సాధ్యమా అనిపించింది. "నాలుకతోని దేవులాడు" అన్నారు చివరికి. మల్లేశం చాలాసేపు వెతికాడు.

"ఏడ పెట్టినవ్ మేడమ్?"

ఆవిడ నవ్వి, "ఇగ కొర్కకు. చెయ్యి ఊకోదని నాకెర్కే, మా నాయన గూడ సాంచెల మీదనే చేసిండు. చిన్న కత్తెర మెడల ఏస్కో. యాదిమర్సి కొర్కినా జర తట్టుకుంటది" అన్నారు.

నా చదువు ముగిసేదాకా అతను చూపించుకోవడానికి వస్తూనే ఉన్నాడు. మెడలో కత్తెర ఉండేది, నోట్లో పన్నూ ఉండేది.

నిన్న ఆ పోగు తెంపినామె లోపలికొచ్చి, ముందు పన్ను ఫిల్లింగ్ నిలవడం లేదని చెప్పి కుర్చీలో వెనక్కి వాలింది. నోరు తెరవబోతే ఆగమన్నాను. సొరుగులోంచి దారపు ఉండ తీసి ఆమె చేతికిచ్చాను.

"ఎట్ల కొర్కుతవో చూపియ్ అక్కా."