కండక్టరమ్మ మాట

ఆ ఊళ్ళో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. సిటీ బస్సులో కండక్టరుగా ఎక్కి, తల నెరిసి రిటైరైన మనిషి కాబట్టి అందరికీ కండక్టరమ్మే. సైకిళ్ళు బాగుచేసే మొగుడు కూడా అలాగే పిలిచేవాడు. "మా కండక్టరమ్మ రైట్ అనందే మా ఇంట్లో కుక్కరు కూడా కూత వెయ్యదు" అని షాపుకొచ్చినవాళ్ళను నవ్వించేవాడు.

ప్రభుత్వానికీ ఉద్యమానికీ మధ్య ఊరు నలిగిన రోజుల్లో కూడా ఆమె డ్యూటీ మానలేదు. ఒకసారి ఉద్యమం కుర్రాళ్ళు బస్సు తగలబెడతామని పెట్రోలు డబ్బాలతో ఎక్కారు. "లోపల నిండు చూలాలుంది. ఆసుపత్రి దగ్గర దిగాక మీ ఇష్టం. అప్పటిదాకా టికెట్టు తీసుకోండి" అంది. తీసుకున్నారు. ఆసుపత్రి స్టాపులో ఆ అమ్మాయిని చెయ్యిచ్చి దింపి, వాళ్ళూ దిగి వెళ్ళిపోయారు. మరోసారి పోలీసులు ఒక విద్యార్థిని బస్సులోంచి లాక్కుపోబోతే ఫుట్‌బోర్డు మీద అడ్డంగా నిలబడి వారెంటు అడిగింది. చెంపదెబ్బ తిన్నది కానీ పక్కకు జరగలేదు.

చివరికి ఇరుపక్షాలకూ ఒప్పందం కుదిరింది. జైళ్ళలో ఉన్న ఉద్యమం వాళ్ళలో ఎవరికి క్షమాభిక్ష పెట్టాలో తేల్చడానికి ముగ్గురితో కమిటీ వేశారు. షరతులు రెండే. నేరం ఉద్యమం కోసం చేసిందై ఉండాలి కానీ సొంత పగ తీర్చుకోవడానికి చేసింది కాకూడదు. జరిగింది దాచకుండా చెప్పాలి. ఒక రిటైర్డ్ జడ్జి, ఒక ప్లీడరు సరే, మూడోవారు మామూలు మనిషి కావాలన్నారు. వీళ్ళు చెప్పిన పేరు వాళ్ళకు గిట్టలేదు, వాళ్ళు చెప్పింది వీళ్ళకు గిట్టలేదు. ఇద్దరినీ సమానంగా తిట్టిన మనిషి కండక్టరమ్మే అని ఎవరికో తోచింది.

"నాకు చట్టం ఏం తెలుసని?" అంది ఇంటికొచ్చి.

"టికెట్టు లేనివాణ్ణి మొహం చూసి పట్టేదానివి కదే" అన్నాడు మొగుడు.

"వాడికి జరిమానా రాసి వదిలేసేదాన్ని. హత్య చేసినవాడికి ఏం రాసేది?" అంది. అయినా మర్నాడు ఇస్త్రీ చీర కట్టుకుని వెళ్ళింది.

మూతబడిన టైపు ఇన్‌స్టిట్యూట్ పైఅంతస్తులో విచారణలు జరిగేవి. మిషన్లు తీసేసినా బల్లల మీద వాటి కాళ్ళ గుర్తులు అలాగే ఉన్నాయి. మొదట్లో పని నల్లేరు మీద బండిలా సాగింది. వంతెన కూల్చినవాళ్ళు, పోలీసుల తుపాకులు ఎత్తుకెళ్ళినవాళ్ళు వచ్చారు. వాటిలో సొంత లాభం ఏముంటుంది? ముగ్గురూ ఒక మాటగా సంతకాలు పెట్టేవారు.

ఆ తర్వాత లేత్‌వాడి కేసు వచ్చింది.

వర్క్‌షాపులో లేత్ మిషన్ మీద పనిచేసేవాడు కాబట్టి ఆ పేరు. పొద్దున్నే షట్టరు ఎత్తుతున్న మందుల షాపాయన్ని వెనక నుంచి కాల్చి చంపాడు. ఆయన పోలీసు ఇన్‌ఫార్మరని ఉద్యమం ఆనాడే గోడల మీద రాయించింది. ఇప్పుడు బయట తిరుగుతున్న ఉద్యమ నాయకుడొకడు వచ్చి, "ఆర్డరు మాదే. అతను పాటించాడంతే" అని చెప్పాడు. జడ్జి తల పంకించి కలం మూత తీశాడు. ముందు వరసలో మందుల షాపాయన భార్య, వెనక లేత్‌వాడి తల్లి కూర్చుని ఉన్నారు.

కండక్టరమ్మకు ఒక్క సందేహం మిగిలింది. "ఆయన ఇన్‌ఫార్మరని మీవాళ్ళకు ఎవరు చెప్పారు నాయనా?"

"నేనే చెప్పాను."

"నీకెలా తెలిసింది?"

అతని తరఫు వకీలు గబుక్కున లేచాడు. "చెప్పనివ్వండి సార్" అన్నాడు లేత్‌వాడు. ఎవరి వైపూ చూడకుండా చెప్పాడు.

"కర్ఫ్యూ పెట్టిన సాయంత్రం మా చెల్లికి ఉబ్బసం ఎక్కువైంది. సందుల్లోంచి పరిగెత్తుకెళ్ళి ఆయన షట్టరు బాదాను. పైన ఇంట్లోంచి కిటికీ తీసి చూశాడు. మళ్ళీ మూసేశాడు. చెల్లి బతకలేదు. తర్వాత కొన్నాళ్ళకు ఆయన కౌంటరు దగ్గర ఎస్సైతో మాట్లాడుతూ కనపడ్డాడు. తలనొప్పి మాత్ర అమ్ముతున్నాడేమో. నాకు మాత్రం ఇన్‌ఫార్మర్‌లా కనపడ్డాడు. అలా కనపడాలనే ఉందేమో నాకు. పేరు పైకి పంపాను. ఆర్డరొచ్చింది. నేనే వెళ్తానన్నాను."

మందుల షాపాయన భార్య మెల్లగా లేచింది.

"ఆయన తాళాలు తీసుకుని మెట్లు దిగబోయాడు. నేనే చెయ్యి పట్టుకుని ఆపాను. తలుపు తీస్తే పోలీసులు కాల్చేస్తారు, పసిపిల్ల ఉంది, వద్దన్నాను. ఇన్నేళ్ళూ ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు." కమిటీ ముగ్గురి వైపూ తిరిగింది. "ఇతన్ని వదలమనీ వద్దనీ నేనడగను. నా మొగుడు ఇన్‌ఫార్మర్ కాదని మాత్రం ఎవరైనా నలుగురిలో గట్టిగా చెప్పండి. నా కూతురు ఆ మాట పడుతూనే పెరిగింది."

లేత్‌వాడు తలెత్తి ఆమెను చూశాడు.

తలుపులు మూసుకుని ముగ్గురూ కూర్చున్నారు. "ఆర్డరు ఉందిగా. సిపాయి మనసులో ఏ పగ ఉందో చూసి యుద్ధాన్ని యుద్ధం కాదంటామా?" అన్నాడు జడ్జి. "ఉద్యమం తుపాకీ అరువు తెచ్చుకుని సొంత పగ తీర్చుకున్నాడు" అన్నాడు ప్లీడరు. ఇద్దరూ ఆమె వైపు తిరిగారు. రేపు చెబుతానంది.

ఆ సాయంత్రం మొగుడు టీ చేసి ఇచ్చి, "నిజం చెప్పాడుగా పాపం. వదిలెయ్యకూడదూ?" అన్నాడు.

"చెప్పాడు. అదే నా ప్రాణం తోడేస్తోంది" అంది. టీ చల్లారిపోయింది.

మర్నాడు ఆమె తడబడుతూనే మొదలుపెట్టింది. "మనం క్షమాభిక్ష పెడితే ఆ చావు ఉద్యమం కోసం అన్నట్టే కదండీ. అంటే మందుల షాపాయన ఉద్యమానికి శత్రువేనని మన నోటితో ఒప్పుకున్నట్టు. ఆయన ఎవరికీ శత్రువు కాదు. చెల్లెలు పోయిన దుఃఖంలో ఒక అన్న ఆయన్ని చంపాడు. ఇది ఉద్యమం పని అని నేను సంతకం పెట్టలేను."

అక్కడితో ఊరుకోలేదు. షాపాయన ఇన్‌ఫార్మర్ కాదని తీర్పులో రాయాలంది, నాయకుడి ఎదుటే పైకి చదవాలంది. నిజం చెప్పినందుకు లేత్‌వాడికి శిక్ష తగ్గించమని ప్రభుత్వానికి సిఫారసు చేయాలంది.

"ఆ అధికారం మనకు లేదమ్మా" అన్నాడు జడ్జి.

"మనకు లేకపోతే ఉన్నవాళ్ళను అడుగుదాం. అడిగితే పోయేదేముంది?"

కాసేపటికి ప్లీడరు క్షమాభిక్ష లేదని రాయడానికి కాగితం ముందుకు లాక్కున్నాడు. జడ్జి తన అసమ్మతి విడిగా రాసుకున్నా, సిఫారసు మీద మాత్రం మొదటి సంతకం ఆయనే పెట్టాడు.

తీర్పు చదివిన రోజు మందుల షాపాయన భార్య కూతురి చెయ్యి పట్టుకుని చివరి మాట దాకా విని వెళ్ళింది. లేత్‌వాడి తల్లి మాత్రం బస్‌స్టాపులో కండక్టరమ్మను నిలదీసింది.

"నా కొడుకు అబద్ధం చెప్పుంటే ఇవాళ ఇంటికొచ్చేవాడు. అవునా కాదా?"

"అవునమ్మా."

"నిజం చెప్పమన్నదీ మీరే. చెప్పాక తలుపేసిందీ మీరే. ఇకమీదట మీ ముందు నిజం చెప్పేవాడెవడు?"

బస్సు వచ్చింది. పెద్దావిడ ఎక్కలేదు. ఆమెను ఒంటరిగా వదల్లేక కండక్టరమ్మా ఎక్కలేదు. తర్వాతి బస్సు వచ్చేదాకా ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చున్నారు.

ఆవిడ అన్నంతా జరిగింది. ఆ తర్వాత వచ్చినవాళ్ళు ఒక్కో మాటా తూచి తూచి మాట్లాడారు, వకీళ్ళు నేర్పిన పాఠం అప్పజెప్పారు. ఉద్యమం వాళ్ళు కొందరు మొగుడి షాపుకు సైకిళ్ళు తేవడం మానేశారు. "నడిస్తే ఒంటికి మంచిదేలే వాళ్ళకు" అన్నాడాయన. కండక్టరమ్మ మాత్రం విచారణ ఉన్న రోజుల్లో అన్నం సరిగా తినేది కాదు. తాను చేసింది తప్పని ఆమెకు అనిపించలేదు. అలాగని గుండె మీద బరువూ దిగలేదు.

సిఫారసు ఎక్కడెక్కడో తిరిగి రెండేళ్ళ పైచిలుకుకు ఫలించింది. ఆ కబురు ఆమెకు కూరగాయల బజారులో తెలిసింది. లేత్‌వాడి తల్లి బుట్టతో ఎదురొచ్చింది. తప్పుకుని పోతుందనుకుంటే ఆగింది.

"వాడొచ్చాడు" అంది. "మళ్ళీ లేత్ పనికి వెళ్తున్నాడు. మందుల షాపు ఉన్న వీధి వైపు మాత్రం వెళ్ళడు, చుట్టు తిరిగొస్తాడు."

"మంచిది అక్కా."

"నీ మీద నాకు కోపం పోలేదు."

"పోకపోయినా ఫర్వాలేదు అక్కా" అంది కండక్టరమ్మ.

పెద్దావిడ ఆమెను కాసేపు ఎగాదిగా చూసింది. తర్వాత "ఆ కొట్లో వంకాయలు పుచ్చులు, తీసుకోకు" అని చెప్పి, బుట్ట చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది.