సవతి బిళ్ళ మీద రాజు

నాకు మాట్లాడకపోతే తిన్నది అరగదు. ఎమ్మిగనూరులో మాది మగ్గాల ఇల్లు. మగ్గం చప్పుడు మీద మాట వినపడాలంటే అరవాల్సిందే, అందుకని మా ఇంట్లో అందరివీ పెద్ద గొంతులు. ఎనిమిదో తరగతితో చదువు మానేసి మగ్గం దగ్గర కూర్చున్నాను. చేతులు ఆడినంతసేపూ నోరూ ఆడేది. అలాంటిదాన్ని తెచ్చి ఆదోనిలో, మాటలే లేని ఇంట్లో ఇచ్చారు.

ఆయనకు నేను రెండో భార్యను. మొదటామె జ్వరంతో పోయిందన్నారు, అంతకుమించి ఎవరూ ఏమీ చెప్పలేదు. ఆయన పత్తి లారీ తోలుతాడు. ఇంటికొస్తే "అన్నం పెట్టు", పోయేటప్పుడు "పోయొస్తా". మధ్యలో నేనేం చెప్పినా తల ఊపుతాడు. మా అత్త మాట్లాడుతుంది గానీ, ఎక్కువగా దేవుళ్ళతోనే.

రెండో భార్యగా వచ్చినామెకు మెడలో సవతి బిళ్ళ కట్టడం ఆ ఇంటి ఆచారం. పోయినామె మొహం బంగారు బిళ్ళ మీద చెక్కించి, తాళి పక్కన వేస్తారు. కొత్త చీర కొంటే ముందు ఆ బిళ్ళకు చూపించి, కుంకుమ పెట్టి, ఆ తర్వాతే మనం కట్టుకోవాలి. లేకపోతే ఆమెకు కోపమొస్తుందట. మా అత్త కొత్త బిళ్ళ చేయించలేదు. అత్త పుట్టిల్లు జొన్నగిరి. అక్కడ తొలకరి వాన పడిందంటే చాలు, జనమంతా చేలల్లో వంగి వజ్రాలు వెతుకుతారు. అలా వెతికిన వాళ్ళమ్మకు వజ్రం దొరకలేదు, ఒక బంగారు కాసు దొరికింది. దాని మీద ఎవరిదో మొహం. "మొగం ఉన్యాక మళ్ళా సెక్కించేదేముంది?" అనుకుని దానికే కొక్కెం వేయించి నా మెడలో కట్టింది. ఆ సంగతి నాకప్పుడు చెప్పలేదు.

ఇంట్లో పోయినామె ఫోటో ఒక్కటీ లేదు, ఆయన ఎక్కడ దాచాడో. కాబట్టి నా సవతి ఎలా ఉండేదో నాకు తెలిసింది ఆ కాసు మీదే. పక్కకు తిరిగిన మొహం, పెద్ద ముక్కు, లావు మెడ. జుట్టు పొట్టిగా ఉంటే, తిరుపతిలో గుండు చేయించుకుని వచ్చాక దించిన బొమ్మేమో అనుకున్నాను. జుట్టు చుట్టూ ఆకులున్నాయి. దవనం పెట్టుకుందనుకున్నాను. అంచు చుట్టూ ఇంగ్లీషు అక్షరాలు. బంగారం షాపు పేరేమో అనుకున్నాను.

ఇంకెవరూ లేక ఆ బిళ్ళతోనే మాట్లాడేదాన్ని. "అక్కా, ఈ మనిషికి ఉగ్గానిలో నిమ్మకాయ పిండాల్నా, వద్దా? తింటాడు, బాగుందని సెప్పడు, బాగలేదనీ సెప్పడు. నీతోనన్నా మాట్లాడినాడా?" ఆమె పక్కకే చూసేది. ఈ ఇంట్లో అందరిలాగే, ఒక్కసారీ నావైపు తిరిగేది కాదు. అయినా చెప్పుకోవడానికి ఒక మొహం ఉండేది.

కొక్కెం అరిగిపోయి వదులైంది. బజారులో ఆచారి దగ్గరికి తీసుకుపోయాను. ఆయన భూతద్దం కంటికి పెట్టుకుని చూశాడు.

"ఎవరిదమ్మా ఈ బొమ్మ?"

"మా సవతిదన్నా."

మళ్ళీ కాసును చూశాడు, నన్ను చూశాడు. "మీ సవతి మొగోడా తల్లీ?"

"ఏమన్నా, పొద్దున్నే ఎగతాళికి నేనే దొరికినానా?"

"ఎగతాళి కాదు తల్లీ. ఆ దవడ సూడు, ఆ మెడ సూడు. ఇది ఈడ సేసింది కాదు. రోము దేశం కాసు, పాతకాలంది. ఎవరో రాజు."

అంగడి మెట్ల మీద కూర్చుని ఫోనులో ఫోటో తీసి వెతికాను. అదే ముక్కు, అదే దవనం. ఏసుప్రభువును సిలువ వేసిన కాలంలో రోమును ఏలిన చక్రవర్తి అట. కాసు వెనకవైపు కుర్చీలో కూర్చున్న ఒక ఆడమనిషి బొమ్మ ఉంది, అది వాళ్ళమ్మ అయి ఉంటుందట. కూడబలుక్కుంటూ ఇంకా చదివాను. ఆయనకు ప్రాణమైన భార్య ఉండేది. పెద్దవాళ్ళు రాజ్యం కోసం ఆమెను వదిలించి ఇంకొకామెను కట్టబెట్టారు. తర్వాత ఒకసారి మొదటామె ఎదురుపడితే, కళ్ళనిండా నీళ్ళతో ఆమె వెనకే పోయాడట. ఆమె ఇంకెప్పుడూ ఆయన కంటపడకుండా చూశారట. రెండో ఆమెతో పొసగలేదు, వేరుగా ఉన్నారు. ముసలితనంలో ఒక దీవిలో ఉండిపోయాడు. ఆ రెండో ఆమె గురించి ఇంకా రాసి ఉంది. చదవబుద్ధి కాక ఫోను మూసేశాను.

మా అత్తకు చెబితే కంగారేమీ పడలేదు. "రాజైతే ఏమి, రాణైతే ఏమి? మనం మొక్కినాం, అది వచ్చి కూసునింది. ఇప్పుడు తీసేస్తే ఇద్దరికీ కోపమొస్తాది."

"ఎనకాల కూసున్నది వాళ్ళమ్మంట అత్తా."

"మరి? కొడుకు యాడుంటే తల్లి ఆడ ఉండొద్దా?" అని సంబరపడింది.

మధ్యాహ్నం ఆయన అన్నానికి వచ్చాడు. ఇంత వింత చెబితే రాయైనా నోరు తెరుస్తుంది, ఇవాళ ఈ మనిషి నాతో మాట్లాడి తీరాలి అనుకున్నాను. పళ్ళెం పక్కన కాసు పెట్టాను. "ఏమప్పా, సూడు. ఇది ఆమె కాదంట. రోము రాజంట!"

తినడం ఆపి, ఎడమచేత్తో కాసు తీసుకుని వెలుతురుకు పెట్టి చూశాడు. నా మెడలో ఇన్నాళ్ళూ ఉన్నా దాన్నెప్పుడూ చూసినవాడు కాదు. ఉన్నట్టుండి పకపకా నవ్వాడు. ఆయన నవ్వు వినడం నాకదే మొదలు.

"దానికి ఇంత ముక్కు యాడుండె మే! సిటికెడంత ముక్కు దానిది. ముక్కుపుల్ల నిలిసేది కాదు, ఊరికే జారిపోయేది. ఇద్దరమూ దీపం పట్టుకుని ఇల్లంతా ఎతికేవాళ్ళం..."

నేను కూడా నవ్వడానికి నోరు తెరిచాను. అప్పటికే ఆయన నవ్వు ఆగిపోయింది. ముద్ద పళ్ళెంలోనే వదిలేసి చెయ్యి కడుక్కున్నాడు. "పోయొస్తా" అన్నాడు. లారీ కదిలిన చప్పుడు వినిపించింది.

అంత పొడుగు మాట ఆయన నాతో ఇంకెప్పుడూ మాట్లాడలేదు. అది కూడా నా గురించి కాదు.

ఆచారితో కొక్కెం గట్టిగా వేయించుకుని కాసు మళ్ళీ మెడలో వేసుకున్నాను. ఇప్పుడు అక్కా అనడానికి లేదు, రాజా అనాలంటే నవ్వొస్తుంది. అందుకని మా ఆయన్ని పిలిచినట్టే పిలుస్తున్నాను. మొన్న పత్తి దుమ్ము ఊడుస్తూ అడిగాను: "ఏమప్పా, ఆ రెండో ఆమె దినమంతా ఎవరితో మాట్లాడేదో, ఎప్పుడన్నా అడిగినావా?"

దవనం పెట్టుకుని, పక్కకే చూస్తున్నాడు.