ఇరవయ్యా, అరవయ్యా

మా బావ పోయి పద్నాలుగు నెలలైంది. బావంటే మా అక్క భర్త. ఆఫీసుల్లో ఇంటర్నెట్ ఫోన్లు పెట్టడం, పెట్టినవాటిని కనిపెట్టుకుని ఉండడం ఆయన పని. పేరు పెట్టి పిలిచినవాళ్ళు తక్కువ. వెళ్ళిన ప్రతిచోటా ‘ఫోన్లాయన’. ఒకసారి ఎవరో పార్సిలు మీద కూడా అలాగే రాశారు. అది తిన్నగా ఇంటికే వచ్చింది.

చేసిన పని బయటికి కనిపించేది కాదు. గోడల వెంట నీలం కేబుళ్ళు లాగేవాడు. మెట్ల కింద ఎక్కడో ఓ ఇరుకు గదిలో, తీగలన్నీ కలిసే స్విచ్ పెట్టె అమర్చి ఒక్కో తీగకూ నంబరు చీటీ అంటించేవాడు. ఆ తర్వాత ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, ఏ బల్ల మీది ఫోనుకు ఏ నంబరు, ఎవరు ఎత్తకపోతే ఎవరికి మోగాలి, భోజనాల వేళ ఎటు తిప్పాలి అన్నీ ఎక్కించేవాడు.

“పాత ఫోన్లో మాట తీగలో పారేది. ఇందులో ముక్కలు ముక్కలుగా కోసి పంపిస్తాం, అవతల మళ్ళీ కుడతాం. కుట్టు కనపడకూడదు. అంతే మన విద్య,” అని నాకోసారి చెప్పాడు.

కుట్టు కనపడుతోందో లేదో తేల్చుకోవడానికి ఆయనకో పద్ధతి ఉండేది. కొత్త ఫోను నుంచి మొదటి కాల్ ఇంటికి చేసి అక్కతో పోట్లాడేవాడు. మర్యాదగా మాట్లాడుకుంటే లైను లోపం బయటపడదు, ఒకరు ముగించాకే ఇంకొకరు మొదలుపెడతారు కనుక. పోట్లాటలో అలా కుదరదు. సరిగ్గా అడ్డుపడాల్సిన చోట అడ్డుపడాలి. మాట అర సెకను ఆలస్యంగా చేరితే చాలు, ఇద్దరూ ఒకేసారి అరిచి ఒకేసారి ఆగిపోతారు.

“మొదలెట్టు,” అనేవాడు.

“గొడుగేదండీ?”

“ఏ గొడుగు?”

“ఏ గొడుగా! మొన్న పట్టుకెళ్ళిన—”

“మొన్న అసలు వానే—”

“వాన లేకపోతే గొడుగు తనంతట తనే నడిచొస్తుందా?”

“బాగుంది. లైను బాగుంది. పెట్టేస్తున్నా.”

“లైను సంగతి తర్వాత, గొడుగు సంగతి చెప్పండి!”

అప్పటికే పెట్టేసి ఉండేవాడు. పరీక్ష గొడవ ఎక్కడ ఆగుతుందో, అసలు గొడవ ఎక్కడ మొదలవుతుందో అక్కకి కూడా ఒక్కోసారి తెలిసేది కాదు.

పని అప్పగించేటప్పుడు ఒక కాగితం ఇచ్చేవాడు. ఫోనుకో వరస, చివరి గడి పైన ‘విన్నాను’ అన్న మాట. ప్రతి రిసీవరూ స్వయంగా చెవికి ఆనించుకున్నాకే ఆ గడిలో సంతకం. ఆ కాగితం ఆయన్నెవరూ అడగలేదు. కానీ పోనుపోను దాన్ని నమ్మే పనులిచ్చారు.

యాభై రెండో ఏట ఒక రక్తపరీక్షల ల్యాబు పని ఒప్పుకున్నాడు. మూడంతస్తులు, నలభై రెండు ఫోన్లు. ఏదైనా ఫలితం ప్రమాదకరంగా వస్తే కాగితం కోసం ఆగకుండా అవతలి డాక్టరుకు ఫోన్లో చదివి చెప్పడం అక్కడి నియమం. అందుకే ల్యాబు నడిపే పెద్ద డాక్టరమ్మ మొదటి రోజే తేల్చి చెప్పింది.

“మోగితే సరిపోదండీ, అంకె చేరాలి. నలభై రెండింటికీ మీ సంతకం చూశాకే పాత లైన్లు తీయిస్తాను.”

ఫోన్లన్నీ అమర్చి ఇంటికి మొదటి కాల్ చేశాడు. అక్క రెండు మాటలకే ఆగిపోయింది.

“లైను బాలేదండీ. మీరు ఆలస్యంగా వస్తున్నారు.”

బావ కేబుళ్ళు మార్చాడు. స్విచ్ మార్చాడు. ఇంటర్నెట్ కంపెనీ వాళ్ళతో తగువేసుకున్నాడు. అత్త మీది కోపం దుత్త మీద చూపినట్టు, అప్పటికే సరిచేసి పెట్టిన ఏడు ఫోన్లు పీకి, అట్టపెట్టెలోంచి కొత్తవి తీసి పెట్టాడు. ఆలస్యమేమీ లేదని స్క్రీన్ చెబుతూనే ఉంది. అక్క మాత్రం అదే మాట.

మూడో రోజు ఆదివారం. సాయానికి నన్ను తీసుకెళ్ళాడు.

“ఈసారి నువ్వు పోట్లాడరా మీ అక్కతో. నా గొంతంటే దానికి ముందే లోకువ.”

నేను ఫోను తీసుకున్నాను. అక్క ఎత్తీ ఎత్తగానే, “ఆ గొడుగు నీ దగ్గరుందేవిట్రా?” అంది. “నా దగ్గరెందుకుంటుంది, మీ ఇంట్లోంచి నాకెప్పుడైనా ఏదైనా ఇచ్చావా?” అన్నాను. మాటకు మాట పడింది. ఎక్కడా తడబాటు లేదు.

“నువ్వు సరిగ్గానే వస్తున్నావే. ఫోను ఆయనకివ్వు,” అంది.

బావ అలవాటుగా ఎడమ చెవికి ఆనించుకున్నాడు, కుడి చెయ్యి పనికి ఖాళీగా ఉండాలి కనుక. అక్క ఏదో అంది. “ఆఁ?” అన్నాడు. మళ్ళీ ఏదో అంది. కుడి చెవికి మార్చమందని తర్వాత చెప్పాడు. మార్చాక జవాబు వెంటనే వచ్చింది.

రిసీవరు పెట్టేసి, తను పీకేయగా నేల మీద వరసగా పడి ఉన్న ఏడు ఫోన్లను చూస్తూ కూర్చున్నాడు.

సోమవారం చెవుల డాక్టరు ఎడమది చాలావరకు పోయిందన్నాడు, కుడిది అదే దారిలో ఉందన్నాడు. ఎప్పుడో ఒకనాడు పోయింది కాదట, ఏళ్ళ తరబడి కొంచెం కొంచెంగా జారిపోయిందట.

ఆ సాయంత్రం వాళ్ళింట్లో కాగితం బల్ల మీద పెట్టుకుని కలం తీశాడు.

“వినకుండా విన్నానని పెడతారా?” అంది అక్క.

“స్క్రీన్ బాగుందంటోందిగా.”

“స్క్రీన్‌కి చెవులున్నాయా?”

“నాకు మాత్రం ఉన్నాయా ఇప్పుడు?” అని ఆయనే నవ్వాడు. “శంఖం ఊదుతుంటే చెవిటివాడు, దాన్ని కొరకడానికి అంత తంటా దేనికన్నాడట. ఫోన్లాయన చెవిటివాడని తెలిస్తే ఇక నన్నెవరు పిలుస్తారే? ఈ చేతులకి వేరే పని కూడా రాదు.”

“ఎవరూ పిలవకపోతే ఇంట్లో కూర్చుందురుగాని. రేపు నన్ను తీసుకెళ్ళండి.”

మర్నాడు నేను సెలవు పెట్టి వెళ్ళాను. అక్క కింద రిసెప్షన్ బల్ల దగ్గర ఫోను పట్టుకుని కూర్చుంది. బావ పైన ఒక్కో బల్లకూ వెళ్ళి ఒక చీటీలోని అంకెలు ఆగి ఆగి చదివేవాడు. అక్క విన్నది విన్నట్టు రాసేది. నేను సరిపోల్చేవాణ్ణి. ముప్ఫై ఫోన్లు సాఫీగా అయిపోయాయి. ముప్ఫై ఒకటోది రెండో అంతస్తులో, ప్లేట్‌లెట్ల ఫలితాలు చెప్పే బల్ల మీద ఉంది.

అక్క రాయడం ఆపింది. “ఏమన్నారూ? ఇరవయ్యా, అరవయ్యా?”

“ఇరవై.”

“‘రవై’ అని వస్తోంది. నోట్లో ఏదైనా పెట్టుకున్నారా?”

“నేను సరిగ్గానే అంటున్నాను!”

“అయితే మీ ఫోను మింగేస్తోంది.”

రిసీవరు నేనూ విన్నాను. ఆగి మొదలుపెట్టిన ప్రతి మాటకూ మొదటి అక్షరం లేదు. ఇరవైకీ అరవైకీ తేడా ఆ ఒక్క అక్షరమే. ప్లేట్‌లెట్లు ఇరవై వేలంటే ఒక వైద్యం, అరవై వేలంటే ఇంకొకటి.

బావ మెట్లు దిగి వచ్చాడు, ల్యాప్‌టాప్ చంకలో పెట్టుకుని. మొహం ఎర్రగా ఉంది.

“చూడు. ఒక్క ముక్క పోలేదు. అన్నీ చేరాయి.”

“దారిలో పోయిందని నేనన్నానా? అసలు బయల్దేరలేదంటున్నాను.”

బావ ల్యాప్‌టాప్ మూసేశాడు. మళ్ళీ మెట్లెక్కాడు.

ఆ ఫోన్లలో ఒక సెట్టింగ్ ఉంటుంది. ఎవరూ మాట్లాడనంతసేపూ ఫోను ఏమీ పంపకుండా కునుకు తీస్తుంది, మాట మొదలవగానే లేస్తుంది. ఆ లేచే లోపల మొదటి అక్షరం జారిపోతుంది. కొత్త ఫోను పెట్టెలోంచి తీయగానే ఆ సెట్టింగ్ కట్టేయడం బావకు అలవాటు. మొదట పెట్టిన అన్నింటికీ కట్టేశాడు. కంగారులో మార్చిన ఏడింటికీ మర్చిపోయాడు. ముప్ఫై ఒకటి ఆ ఏడింటిలో మొదటిది. ఏడూ సరిచేశాడు. అక్క ముప్ఫై ఒకటి మూడుసార్లు విన్నది, తక్కినవన్నీ మొదటినుంచి మళ్ళీ విన్నది.

సాయంత్రం మా ముగ్గురినీ డాక్టరమ్మ గదిలోకి పిలిచారు. బావ సంతకాల్లేని కాగితం ఆమె ముందు పెట్టాడు.

“ఇవి విన్నది నేను కాదండీ, మా ఆవిడ. నాకు ఎడమ చెవి పోయింది. కుడిదీ పోతోంది. ప్లేట్‌లెట్ల బల్ల మీది ఫోనులో తప్పు కూడా నా చేత్తో చేసిందే.” ఏం జరిగిందో అంతా చెప్పాడు.

“ముందే చెప్పాలి కదండీ?”

“నాకే మొన్న ఆదివారం తెలిసింది.”

ఆమె అక్క వైపు తిరిగింది. “మీరు ఏం చేస్తుంటారమ్మా?”

“ఈయనతో పోట్లాడుతుంటానండీ. ఇరవై ఆరేళ్ళుగా.”

డాక్టరమ్మ నవ్వలేదు. కాగితం అక్క వైపు జరిపింది. “విన్నవాళ్ళే పెట్టాలి సంతకం. పాత లైన్లు మాత్రం ఇప్పుడే తీయించను. వారం రోజులు రెండూ ఉంటాయి. తప్పు ఒక్కటి వచ్చినా మీ ఫోన్లు పట్టుకెళ్ళాలి.”

అక్క నలభై రెండు సంతకాలు పెట్టింది. చివరికొచ్చేసరికి పేరులో అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి.

సామాను సర్దుకోవడానికి రెండో అంతస్తుకు వెళ్ళాం. ప్లేట్‌లెట్ల బల్ల దగ్గరి అమ్మాయి అప్పుడే ముప్ఫై ఒకటి ఎత్తి ఏదో ఆసుపత్రికి కలిపింది. కాగితంలో చూస్తూ, “ఇరవై రెండు వేలు డాక్టరుగారూ,” అంది. బావ గుమ్మంలో నిలబడి ఆమె పెదాలనే చూస్తున్నాడు. అమ్మాయి కాసేపు విని, “అవునండీ, ఇరవై రెండే,” అని పెట్టేసింది.

“అవతలాయన ఏమన్నాడు?” అని బావ అక్కనడిగాడు.

“అది నాకెలా వినపడుతుందండీ? అమ్మాయి అవునందిగా.”

బావ ఆ అమ్మాయినే అడిగాడు, చెయ్యి కుడి చెవి వెనక పెట్టుకుని. ఆమె గట్టిగా చెప్పింది. “ఇరవై రెండేనా అని తిరిగి చదివారండీ. వెంటనే ప్లేట్‌లెట్లు ఎక్కిస్తామన్నారు.”

ఎనిమిదో రోజున డాక్టరమ్మ పాత లైన్లు తీయించింది.