గ్రేసీ ముద్ర

వడమాలపేట దాటి పుత్తూరు దారి పడితే ఎడమపక్కన నీలం రేకుల షెడ్డు ఒకటి కనబడుతుంది. అందులో గ్రాఫిక్స్ కార్డులు చేస్తారంటే ఊళ్లో సగంమందికి అవేమిటో తెలియదు. కంప్యూటర్ తెరమీద బొమ్మ కనబడాలంటే లోపల ఉండాల్సిన కార్డు అది. ఇక్కడ చేసేవి ఆటలాడుకునే పిల్లల కోసం కాదు, ఆపరేషన్ గదుల్లో ఒంట్లోకి కెమెరా దించి డాక్టర్లు చూసుకునే తెరల కోసం. పాత యంత్రాలకు సరిపడే కార్డులు చెయ్యడం పెద్ద కంపెనీలు మానేస్తే, ఆ సందు చూసుకుని హరినాథ్ మామిడితోట అమ్మి ఈ షెడ్డు పెట్టాడు.

షెడ్డు హరినాథ్‌దే గానీ దాని ప్రాణం మాత్రం గ్రేసీ. ఆమె ఇంజనీరేం కాదు, చదివింది ఐటీఐ. పదమూడేళ్లుగా ఆమె పని ఒక్కటే. తయారైన కార్డుల్ని వేడిగదిలో పెట్టి, రెండు రోజులు ఆగకుండా నడిపించి, తెరమీది బూడిదరంగు ఛాయల్ని కళ్లప్పగించి చూడడం. సన్నగీత ఒకటి వణికిందా, ఆ కార్డు చెత్తబుట్టలోకే. పరీక్ష చేసే యంత్రం బాగుందన్న కార్డును కూడా ఆమె "ఊహూ" అని పక్కన పెట్టేది. చాలాసార్లు ఆమె మాటే నిజమై ఆమే గెలిచేది. గెలిచిన ప్రతిసారీ షెడ్డంతా వినబడేలా చాటేది కూడా, అంత వినయం ఆమెకెక్కడిది!

బాగున్న కార్డు మీద చీటీ అంటించి తేదీ వేసి సంతకం పెట్టేది. ఆసుపత్రులవాళ్లు కంపెనీ పేరు మర్చిపోయినా ఆ సంతకం మర్చిపోలేదు. ఏ సందేహం వచ్చినా నేరుగా ఆమెకే ఫోన్ చేసేవాళ్లు. రాసి రాసి ఆమె చెయ్యి నొప్పెడుతోందని హరినాథ్ ఆ సంతకంతోనే ఒక రబ్బరు ముద్ర చేయించి ఇచ్చాడు. దాన్ని ఆమె తన సొరుగులో పెట్టి తాళం వేసుకునేది.

రెండేళ్ల కిందట పోటీ ముంచుకొచ్చింది. దిగుమతి కార్డులు, సగం ధర, నాలుగు రోజుల్లో చేతికి. హరినాథ్ ఒక్కొక్క ఆసుపత్రినీ పోగొట్టుకుంటూ వచ్చాడు. మనిషి చెడ్డవాడు కాదు, ఆ మాట చెప్పకపోతే పాపం తగులుతుంది. పనివాళ్లలో ఒక్కరినీ తీసెయ్యలేదు. కానీ భయం పట్టుకుంది. ముందు చవకరకం చిప్పులు తెచ్చాడు. తరువాత మే నెలలో ఒక ఉదయం వేడిగది తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"అక్కా, రెండు దినాలు వద్దు. ఆరు గంటలు సాలు."

"ఆరు గంటలా? ఈ కొత్త చిప్పులు ఇరవై గంటలు దాటినాకే గీత చూపిస్తా ఉండాయి సార్. నిన్న పదింట్లో మూడు పోయినాయి, మీరే సూసినారు గదా!"

"సూసినాను. వాళ్లు నాలుగు దినాల్లో పంపిస్తా ఉంటే మనం వీటిని వేడిగదిలో పెట్టుకోని కూర్చుంటే యాడ బతికేది?"

"ఆపరేషన్ మధ్యలో తెర ఆరిపోతే?"

హరినాథ్ ఆమె మొహం చూడలేదు. "ఇప్పటిదాంకా అట్ల కాలేదు గదక్కా."

"నేను ఈడ కూర్చోబట్టే కాలేదు!"

గ్రేసీకి ఒళ్లు మండిపోయింది. తాళంచెవుల గుత్తి బల్లమీదికి విసిరికొట్టి, టిఫిన్ డబ్బా తీసుకుని బయటికి నడిచింది. ఆ కోపంలో సొరుగులోని ముద్ర సంగతి తట్టనే లేదు. కోపిష్టి మనిషి, ఏం చేస్తాం!

పుత్తూరులో ఒక టైలరింగ్ షాపులో చేరింది. "పోనీలే, నీ చేత్తో తప్పు జరగలేదు, అది సాలు" అన్నాడు భర్త ఏబెల్. ఆమె కూడా అలాగే అనుకుంది. కానీ బస్సు ఆ షెడ్డు దాటేటప్పుడల్లా తల తిప్పి చూసేది. వాకిట్లో సరుకెత్తే వ్యాన్లు ఒకటికి రెండయ్యాయి. పోటీని హరినాథ్ ఎలా తట్టుకున్నాడో ఆమెకు అర్థమయ్యేది కాదు.

సెప్టెంబరులో ఒక పొద్దున జాకెట్టుకు చేతులు కుడుతుంటే ఫోన్ మోగింది. లోకేష్ అని, ఒక ఆసుపత్రిలో యంత్రాలు చూసుకునే అబ్బాయి. ఏళ్లుగా ఎరిగిన గొంతే, ఆ రోజు మాత్రం పలకరింపైనా లేకుండా మొదలుపెట్టాడు.

"మేడం, నిన్న ఆపరేషన్ నడుస్తా ఉంటే తెర నల్లగా అయిపోయింది. కెమెరా ఇంకా మనిషి కడుపులోనే ఉండాది. పక్కగది నుంచి వేరే తెర లాక్కొచ్చేసరికి నాలుగు నిమిషాలు. దేవుడి దయ, ఆయన బతికినాడు. కార్డు మీదే మేడం. మీ సంతకం సూసే గదా మేం బిగించింది!"

"తేదీ ఏముండాదో సూడప్పా."

"ఆగస్టు పన్నెండు."

గ్రేసీకి అప్పుడు గుర్తొచ్చింది, సొరుగులో వదిలేసి వచ్చిన ముద్ర. తనమీద తనకే అసహ్యం వేసింది. "మే నెల నుంచి తేదీ ఉన్నవన్నీ ఇప్పుడే పీకెయ్ నాయనా" అని చెప్పి, హరినాథ్‌కు ఫోన్ చేసింది.

"నా ముద్ర వేసినారా సార్?"

"నీ సంతకం లేకుంటే ఎవురూ తీసుకోలేదక్కా" అన్నాడు ఏడుపు గొంతుతో.

తిట్లన్నీ ఆమె నోటిదాకా వచ్చాయి. కానీ తిట్టడానికి టైమెక్కడిది? "యాడాడికి పంపినారో చెప్పండి. నా పేరు మీద పోయినాయి, నేనే ఫోన్ చేసి చెప్పాల."

ఆయన సరుకు పంపిన లెక్కల పుస్తకం తీసి చదవసాగాడు. చిత్తూరులో రెండు ఆసుపత్రులు, తిరుపతిలో మూడు, పలమనేరు దారిలో పిల్లల ఆసుపత్రి ఒకటి. జాకెట్టు కొలతలు రాసే పుస్తకంలో గ్రేసీ గబగబా రాసుకుంటోంది. ఒక పుట నిండింది. గోడ గడియారంలో పది దాటింది, ఆపరేషన్లు మొదలయ్యే వేళ.

"అయిపోయినాయా సార్?"

"ఉండక్కా, పేజీ తిప్పుతా ఉండాను."