సానమ్మ అరగదీసిన పన్నెండు ముక్కలు

ఆ లోహ పరిశోధనశాలలో అందరూ ఆమెను సానమ్మ అనే పిలిచేవారు. ఇరవై ఆరేళ్లుగా వెనక గదిలో కూర్చుని లోహపు ముక్కల్ని అరగదీసి మెరుగు పెట్టడమే ఆమె పని. గిర్రున తిరిగే బల్ల మీద గరుకు కాగితం పరిచి, సన్నగా నీళ్లు వదులుతూ ముక్కను ఆనించి పట్టుకుంటే, ఎక్కడ గీత పోయిందో ఎక్కడ మిగిలిందో ఆమె వేళ్లకే తెలిసిపోయేది. ఆవిడ మెరుగు పెట్టిన ముక్కలో చూసుకుని తల దువ్వుకోవచ్చని కొలిమి మేస్త్రి వేళాకోళమాడేవాడు.

ఒక సోమవారం పొద్దున్నే కొత్తగా చేరిన పరిశోధకురాలు ఒక డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టింది. అందులో పన్నెండు ముక్కలు, గోరంతేసి, బూడిద రంగువి.

“ఇవి టైటానియంలో బంగారం కలిపి కరిగించినవి సానమ్మగారూ. మూడు టైటానియం పరమాణువులకి ఒక బంగారం పరమాణువు లెక్కన. సాయంత్రానికి అద్దంలా చేసిస్తారా?”

“బంగారమా? వెన్నలా అరుగుతుంది. మధ్యాహ్నానికే వచ్చి పట్టుకుపోండి,” అంది సానమ్మ.

మధ్యాహ్నం దాటింది. కాగితం అరిగి నున్నబడింది గాని, ముక్క మాత్రం ఉలుకూ పలుకూ లేకుండా అలాగే ఉంది. ఇంకో కాగితం మార్చింది. ఇంకోటి మార్చింది. పొద్దు వాలేసరికి బుట్ట నిండా అరిగిన కాగితాలు, చేతిలో గీతలు పోని ముక్క ఒక్కటి.

అటుగా వచ్చిన పర్యవేక్షకుడు బుట్టలోకీ ఆమె మొహంలోకీ చూశాడు. “వయసు మీద పడుతోంది కదమ్మా, పట్టు తగ్గి ఉంటుంది. వచ్చే నెల మెరుగు పెట్టే యంత్రం వస్తోందిగా, అప్పటిదాకా పక్కన పెట్టెయ్యండి.”

“నా పట్టేం తగ్గలేదు సార్. ముక్కే గట్టిది.”

“ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది,” అని నవ్వి వెళ్లిపోయాడు.

ఆ మాట ఆమెకు మింగుడుపడలేదు. ఇంటికి వెళ్లినా మొహం మాడ్చుకునే ఉంది. ఆమెతోపాటే ఉండే అక్క అది కనిపెట్టింది. అక్కకు తుంటిలో కృత్రిమ కీలు వేసి పదకొండేళ్లయింది. అది అరిగిపోయి, అడుగు తీసి అడుగేస్తే కలుక్కుమంటోంది.

జరిగింది విని అక్క, “చెయ్యి పోయిందన్నాడా? ఊరుకున్నావంటే ఒప్పుకున్నట్టే. పోయిందో లేదో నువ్వే తేల్చి చూపించు,” అంది.

మర్నాడు సానమ్మ ముందుగా ఒక ఉత్త టైటానియం ముక్క తీసుకుంది. ఎప్పటిలాగే ఇరవై నిమిషాల్లో తళతళలాడింది. చెయ్యి సరిగ్గానే ఉందన్నమాట. అయినా రేపు ఎవరూ తన చేతికి వంక పెట్టకూడదని, ముక్కను పట్టే బిగింపు మీద ఒక ఇనుప బరువు కట్టేసింది. ఇక నొక్కేది బరువే, చెయ్యి కాదు. ప్రతి ముక్కకూ ఒకటే బరువు, కొత్త కాగితం, గోడ గడియారం చూసి పది నిమిషాలు. ముందూ వెనకా మందం కొలిచి, నోటుపుస్తకంలో రాసుకుంది. ఒక్కో ముక్కనీ పదేసి సార్లు పెట్టేసరికి వారం పట్టింది. ఎనిమిది ముక్కలు దాదాపు అరగనే లేదు. నాలుగు మాత్రం కాస్త బెట్టు చేసి లొంగిపోయాయి.

పర్యవేక్షకుడు నమ్మలేదు. “అన్నీ ఒకే పాళ్లలో కలిపినవి. రెండు రకాలుగా ఎలా అరుగుతాయి? ఎక్కడో కలగాపులగం చేసుంటారు.”

“అయితే ముక్కల మీద వేసిన అంకెలు మీరే కప్పెయ్యండి సార్. ఏది ఏదో తెలియకుండా ఇవ్వండి. మళ్లీ చేస్తాను.”

పరిశోధకురాలు అంకెల మీద కాగితం అంటించి, ముక్కల్ని కలిపేసి ఇచ్చింది. ఇంకో వారం. చన్నీళ్లలో నాని సానమ్మ వేళ్లు ఉబ్బాయి, రెండు గోళ్లు చిట్లాయి. గుడ్డ చుట్టుకుని మళ్లీ కూర్చుంది. చివరికి కాగితాలు విప్పి చూస్తే, లొంగినవి మళ్లీ ఆ నాలుగే.

పర్యవేక్షకుడు పట్టిక రెండుసార్లు చదివి, లోపల పరమాణువులు ఎలా అమరాయో చూడటానికి పన్నెండింటినీ ఎక్స్‌రే గదికి పంపమని తానే చీటీ రాశాడు.

మూడోరోజు పరిశోధకురాలు పరుగున వచ్చి, సానమ్మ పక్కనే కూర్చుని బొమ్మ గీసింది. “ఒక పెట్టె అనుకోండి. ఎనిమిది మూలల్లో బంగారం, ఒక్కో ముఖం మధ్యలో ఒక్కో టైటానియం. మీ మెత్తటి నాలుగూ ఇవి. ఇంకో పెట్టెలో మూలలతోపాటు నట్టనడుమ కూడా బంగారమే. ముఖానికి రెండేసి టైటానియాలు, బాగా దగ్గరదగ్గరగా. మీ ఎనిమిదీ ఇవి. సరుకు ఒకటే, కూర్చున్న తీరు వేరు. ఈ రెండోది ఉత్త టైటానియానికి మూడు నాలుగింతలు గట్టిది!”

“కిక్కిరిసిన బస్సులో ఎవరూ అంగుళం జరగలేనట్టు.”

“అచ్చం అలాగే!”

కొలిమి మేస్త్రి బుర్ర గోక్కున్నాడు. ఆ నాలుగూ కరిగించిన వారం కొలిమి తలుపు రబ్బరు చిట్లి, లోపలికి గాలి చొరబడిందట. అదే చెడగొట్టిందని తేలింది. పర్యవేక్షకుడు అందరి ముందూ, “తప్పు నాది సానమ్మగారూ, ఆ మాట అనకుండా ఉండాల్సింది,” అన్నాడు. ఆమె తల ఊపి, బల్ల మీద కొత్త కాగితం పరిచింది.

తర్వాత ఎనిమిది నెలలు ఆ గట్టి రకాన్ని ఉప్పునీటిలో, ఒంట్లో కీళ్లు రాసుకున్నట్టు రాపిడి పెట్టారు. ఉత్త టైటానియం కంటే చాలా తక్కువ అరిగింది. ఆ పరీక్ష నడిపిందీ సానమ్మే.

“నాకు అదే వెయ్యమని చెప్పవే,” అంది అక్క.

“మనిషి ఒంట్లో పెట్టాలంటే ఇంకా సవాలక్ష పరీక్షలున్నాయక్కా. ఏళ్లు పడుతుంది. అందాకా నిన్ను కుంటుతూ ఉండమంటానా?”

తనే వెంటపడి అక్కకు మామూలు కీలుతో ఆపరేషన్ చేయించింది. రెండు నెలలకు అక్క మెట్లు దిగి పాలు తెచ్చుకుంది.

యంత్రమూ వచ్చింది. దానికి బరువెంత, నిమిషాలెన్ని అన్నది సానమ్మ పట్టిక చూసే పెట్టారు. ఆమె ఇంకో ఆరేళ్లు అక్కడే పనిచేసింది. ఆ ఆరేళ్లలో కొత్తగా పోసిన ఏ లోహమైనా, ముందు ఆమె బల్ల మీద పది నిమిషాలు తిరిగాకే ఎక్స్‌రే గదికి వెళ్లేది.