నూట నలభై ఏడు ఆదివారాలు

మా చెల్లిది బలహీనమైన ఒళ్ళు. భర్త పోయాక విజయనగరంలో నా దగ్గరే ఉండేది. నెలకు రెండు ఆదివారాలు, చర్చి అయ్యాక, దానికోసం మేక మెదడు తెచ్చేదాన్ని. నీరసంగా ఉన్నవాళ్ళకని మాంసం కొట్టతను పక్కన పెట్టి, అడ్డాకులో చుట్టి ఇచ్చేవాడు. మిరియాలు వేసి వేయించి దానికొక్కదానికే పెట్టేదాన్ని.

"ఏటే అక్కా, నా బుర్రలో ఏటీ నేదనా?" అని నవ్వేది.

తెచ్చినప్పుడల్లా క్యాలెండరులో గుర్తు పెట్టేదాన్ని. బడిలో లెక్కలు చెప్పినదాన్ని, అలవాటు పోలేదు.

నిరుడు దానికి మతిమరుపు మొదలైంది. నెల తిరక్కుండా అడుగులు తడబడ్డాయి, చేతులు ఉలిక్కిపడేవి. స్కానింగులన్నీ చూసి డాక్టరుగారు ప్రియాన్ జబ్బు అన్నారు. మెదడులోని ఒక ప్రోటీను మడత తప్పి, పక్కవాటి మడతా తప్పిస్తుందట.

"తిండితో వస్తుందా?" అని అడిగాను.

పరాయి దేశాల్లో జబ్బు ఆవుల మాంసంతో కొందరికి వచ్చిందన్నారు. ఆ ప్రోటీను వండినా చావదట, పొట్టలో అరగదట. పేగు గోడలోని చిన్న చిన్న గడ్డల్లో చేరి, ప్లీహంలో పెరిగి, అక్కడి నరాలు పట్టుకుని వెన్నులోకి, మెదడులోకి ఎక్కుతుంది. ఏళ్ళు పడుతుంది.

ఇంటికొచ్చి పాత క్యాలెండర్లు దించాను. ఏడేళ్ళు. ఈస్టరు ముందు శ్రమదినాల్లో మాంసం ముట్టం కనుక ఏడాదికి మూడు తీసేస్తే, నూట నలభై ఏడు ఆదివారాలు. తేదీలన్నీ ఒక కాగితం మీద రాశాను. ఏ ఆదివారంది ఎక్కిందో! ఆ వారమంతా దానికి జావ పట్టడానికి కూడా నా చేయి భయపడింది.

మళ్ళీ వెళ్ళినప్పుడు ఆ కాగితం డాక్టరుగారి ముందు పెట్టాను. ఆయన చదివి మడిచి నాకే ఇచ్చారు.

"మేక వల్ల మనుషులకు వచ్చినట్టు రుజువు లేదమ్మా. ఎక్కువమందికి ఇది కారణం లేకుండా దానంతటదే పుడుతుంది. మీరు పెట్టింది కాదు."

మరో రెండు నెలలకు చెల్లి పోయింది.

క్యాలెండర్లు తిరిగి కట్ట కడుతుంటే నిరుటి దాంట్లో, ఒక గురువారం గడిలో, నా చేతిరాతే కనిపించింది: పప్పులో రెండుసార్లు ఉప్పు. అప్పటికి ఆసుపత్రి మొహం చూడలేదు. పరధ్యానమనుకుని గరిటెతో దాని చేతిమీద కొట్టాను. అది చేయి వెనక్కి తీసుకోలేదు.

"కొట్టకే అక్కా. ఏటెయ్యాలో సెప్పు, ఏస్తాను."